అరచెయ్యి ఆనకుండా

వృత్తం టీచరు తెర మీద గీత గీసి వెనక్కి తిరిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి గీత లేదు.

శిక్షణ గదిలో మిగతా టీచర్లు ఈ తమాషాకి వారం రోజులుగా అలవాటు పడిపోయారు. తప్పు తెరది కాదు. సర్వీసంతా నల్లబల్లకి అరచేతి అంచు ఆనించి రాసిన చెయ్యి ఆమెది. ఆ ఆసరాతోనే దారం, కొలబద్ద లేకుండా నిండు వృత్తం గీసేది. పిల్లలు ఆ పేరు పెట్టిందీ అందుకే. ఈ డిజిటల్ బోర్డు మాత్రం అరచెయ్యి తగిలితే చాలు, డస్టరనుకుని ఉన్నదంతా తుడిచేస్తుంది.

ఆ రోజు సాయంత్రం ఒక్కొక్కరూ బోర్డు మీద పాఠం చెప్పి చూపించాలి. నెగ్గనివాళ్లకి పదో తరగతి ఇచ్చేది లేదని ఆమె బడి పెద్దసారు ముందే తేల్చేశాడు. ఆమెకి బడంటే పదో తరగతే. లెక్కలంటే హడలెత్తే పిల్లల్ని ఏడాది తిరిగేసరికి లెక్కలతో ఆడుకునేలా చెయ్యడం, ఆమెకి తెలిసిన గొప్పతనం అదొక్కటే. నిజానికి అది చిన్న గొప్పతనమేమీ కాదు.

ఆ రోజు తెల్లవారుజామునే ఇంట్లో మూత తియ్యని పెన్నుతో బీరువా తలుపు మీద రాస్తూ కూర్చుంది. భర్త కాఫీ గ్లాసుతో వచ్చి ఏమిటిదన్నాడు. చెయ్యెత్తడం నేర్చుకుంటున్నానంది.

"ఇన్నాళ్లకా? ఇక నా గతేంటి?" అన్నాడాయన.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినా ఆమె కదల్లేదు. గీసింది, చెరిగింది. మళ్లీ గీసింది, మళ్లీ చెరిగింది. విసుగొచ్చి నడుం పట్టుకుని ఓ అడుగు వెనక్కి వేసింది. అక్కడి నుంచే చెయ్యి చాచి గీస్తే గీత నిలిచింది. మణికట్టుతో కాదు, భుజంతో గీయాలన్నమాట. వెనక బెంచీలో పక్క బడి సోషల్ మేడమ్ తనవల్ల కాదని కళ్లొత్తుకుంటూ సంచీ సర్దుకుంటోంది. ఆమెదీ ఇదే తంటా.

"ఇలా రామ్మా. చెయ్యి సంగతి తర్వాత, ముందు కాలు వెనక్కి పెట్టు," అంది వృత్తం టీచరు.

ఇద్దరూ భోజనం మాటే మరిచిపోయారు.

సాయంత్రం ఆమె గీసిన వృత్తం ఓ పక్క కాస్త సొట్టపోయింది. దానికి స్పర్శరేఖ గీసింది, అక్కర్లేని కొసని అరచేత్తో కావాలనే తుడిచింది. గదిలో ఎవరూ నవ్వలేదు. శిక్షకుడు రాసుకోవడం ఆపి చూస్తుండిపోయాడు. ఆమె నెగ్గింది. సోషల్ మేడమ్ కూడా నెగ్గింది.

బడి తెరిచిన కొన్నాళ్లకి పెద్దసారు పిలిచి శుభవార్త అన్నాడు. ఆ శిక్షకుడే ఆమె పేరు పంపాడట. ఇక బడి బడికీ తిరిగి టీచర్లకి బోర్డు నేర్పాలి, పదో తరగతిని కొత్త సారుకి అప్పగించాలి. ఏ తరగతి కోసం ఇంత కుస్తీ పట్టిందో ఆ తరగతే చెయ్యి జారిపోతోంది. ఇష్టం లేకపోతే వద్దని రాసెయ్యమన్నాడు పెద్దసారు, జాలిపడి.

ఆమె కిటికీలోంచి పిల్లల వైపు చూసింది.

"పిల్లలకేం సార్, మంచి సారే దొరుకుతాడు. చెయ్యి ఆనించేవాళ్లకి మాత్రం నాలాంటి మొద్దే కావాలి. వెళ్తాను," అంది.

ఆ మాట అనడానికి ఆమె గుండెని ఎంత రాయి చేసుకుందో పెద్దసారుకి తెలియదు. చివరి రోజు కూడా మామూలుగానే పీటెక్కి పాఠం చెప్పింది, ఇంటి లెక్కలిచ్చింది, గంట కొట్టగానే వెళ్లిపోయింది.

కొత్త సారు మంచివాడే. పొడగరి, బోర్డు పై అంచు కూడా సునాయాసంగా అందుతుంది. అయినా ఊడ్చేటప్పుడు పిల్లలు ఒకదాన్ని మాత్రం పక్కకి జరిపి, మళ్లీ తెచ్చి బోర్డు ముందే పెడుతున్నారు: ఆమె ఎక్కి నిలబడే పొట్టి పీట, కదలకుండా ఒక కాలి కింద మడిచిపెట్టిన అట్టముక్కతో సహా.