కొల్లేటి అంచున ఎర్రగీత

పొక్లెయిన్ రెండో దెబ్బకే గట్టు తెగింది. చెరువు నీళ్లు కొల్లేట్లోకి దూకాయి. వాటితోపాటే, వచ్చే నెల పట్టాల్సిన శీలావతి, బొచ్చె చేపలు.

సూర్రావు నడుంలోతు నీళ్లలోకి దిగి గండికి వల అడ్డం పెట్టాడు. వల చిరిగిపోయింది. ఇద్దరు పోలీసులు అతన్ని పైకి లాగారు.

"సరస్సు హద్దులో చెరువు తవ్వితే ఊరుకుంటారా?" అధికారి ఫోన్ అతని ముందు పెట్టాడు. "ఇదిగో, మీవాళ్లే ఎవరో బయటపెట్టారు."

ఉపగ్రహం తీసిన కొల్లేరు ఫొటో. వంకరటింకర అంచు మధ్య సూర్రావు గట్టు మీదుగా ఎర్రగీత. కింద పేరు, దుర్గారావు. సూర్రావుకు స్వయానా బావమరిది.

తండ్రి వెనక నిలబడ్డ హారిక కూడా ఆ ఫొటో చూసింది. ఆ గీత గీసింది ఆమే.

ఏలూరులో ఇంటర్ చదివే హారిక ఆన్‌లైన్‌లో లెక్కల పాఠాలు వినేది మావయ్య దుర్గారావు ఫోన్లోనే, ఆయన పేరుతోనే. ఆ వారం ఫ్రాక్టల్స్. తీరాన్ని ఎంత చిన్న కొలతతో కొలిస్తే అంత పొడవు పెరుగుతుందట. మీ ఊరి నీటి అంచు కొలిచి చూపించండి అన్నారు. కొల్లేరు అంచు నిజంగానే పెరుగుతూ పోయింది. ఒక్కచోట మాత్రం అంచు తిన్నగా ఉండి, ఎంత చిన్న కొలత వాడినా పెరగలేదు. "ఇది సరస్సు అంచు కాదు, మనిషి వేసిన గట్టు" అని ఎర్రగీత గీసి, రాసి, నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టేసింది. అది నాన్న గట్టని తెలుసు. ఆ క్షణంలో ఆమెకది చెరువు కాదు, మంచి ఉదాహరణ.

మధ్యాహ్నం తుపాను షెల్టర్ వరండాలో కులపెద్దలు కూర్చున్నారు. మధ్యలో దీపం.

"దుర్గారావూ, నువ్వు పెట్టలేదని దీపం ఆర్పి ఒట్టెయ్యి," అన్నాడు పెద్ద వెంకట్రాజు.

"నేను పెట్టలేదండి."

"మరి ఫోన్ ఎవరి చేతిలో ఉందిరా?"

దుర్గారావు ఫోన్ జేబులోకి తోసుకున్నాడు. దీపం వైపు చెయ్యి చాపలేదు.

"ఫోనే నడుచుకుంటూ వెళ్లి కొల్లేరు చూసొచ్చిందేమోనండీ!" ఎవరో అన్నారు. నవ్వులు.

"చెరువు కాపలా నీ చేతిలో పెట్టాను కదరా!" సూర్రావు మీదికొచ్చాడు. "మీ అక్క మొహమైనా గుర్తు రాలేదా?"

"నాదే తప్పనుకోండి బావగారూ."

హారిక లేవబోయింది. కూర్చోమని మావయ్య కళ్లతోనే కసిరాడు. చెబితే రేపటి నుంచి కాలేజీ ఉండదు, ఫోన్ ఉండదు, లెక్కలు ఉండవు. చెప్పినా చెరువు తిరిగి రాదు.

వెంకట్రాజు లేచాడు. "ఇకమీదట వీడికి ఎవరూ పడవ ఇవ్వకూడదు, పని చెప్పకూడదు. వారంలో పెళ్లాం బిడ్డలతో ఊరు వదలాలి. ఆఖరిసారి అడుగుతున్నాను. ఎవరు పెట్టారు?"

దుర్గారావు వెళ్లడానికి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ తీర్పుకు సరేనన్నట్టు జనంలో చేతులు లేస్తున్నాయి. అందరికన్నా ముందు లేచింది నాన్న చెయ్యే.

హారిక మనుషుల్ని తోసుకుంటూ దీపం దాకా వచ్చింది. మావయ్య "వద్దమ్మా" అంటూనే ఉన్నాడు.

"మావయ్య కాదండి."

"మరెవరమ్మా?"

నాన్న వైపు చూడకుండా చెప్పింది.

"సూర్రావుగారమ్మాయండి. హారిక."