అలికిన కోర్టు

పేడనీళ్ళు మరీ పలుచనైతే కోర్టు నాలుగు ఎండలకే పొరలు పొరలుగా లేచిపోతుంది. మరీ చిక్కనైతే బంతి నేలకు అతుక్కున్నట్టు పడి ఊరుకుంటుంది. ఆ రెంటికీ నడుమ ఎక్కడ ఆపాలో సుంకమ్మ చేతికి అలవాటైపోయింది గనుక, ఆమె మనసు ఆ పనిమీద ఉండవలసిన అగత్యం లేదు. తెల్లవారుతూనే గొంతుక్కూర్చుని, అరచేతిని విల్లులా తిప్పుతూ, వెనక్కి వెనక్కి జరుగుతూ ఆమె అనంతపురం ఆఫీసర్ల క్లబ్బు టెన్నిసు కోర్టును వారానికొకమారు అలుకుతుంది. "ఇల్లు అలికేది ఆడదాని పనే గదా! కోర్టు మాత్రం వేరేనా?" అన్నాడు పెళ్ళయిన కొత్తలో ఆమె భర్త ఎర్రిస్వామి. ఆనాడు ఆమె కొంగు బిగించి కూర్చున్నది. అప్పటినుండి కూర్చునే ఉన్నది.

ఎర్రిస్వామి ఆ క్లబ్బులో మార్కరు. అంటే, జీతం పుచ్చుకొని సభ్యులకు ఆట నేర్పుతూ, వారితో ఆడుతూ ఉండేవాడు. దొరల కాలంలో బంతులు ఏరుతూ ఏరుతూ తానే ఆట పట్టుబరచుకున్నాడు. అనంతపురం జిల్లా మొత్తంమీద అతనిని ఓడించగల వకీలు గాని, తహసీల్దారు గాని లేరు. అయినప్పటికీ సాయంకాలం పూట వారందరి చేతిలోనూ అతడు మర్యాదగా ఓడిపోవలసిందే. అదీ ఉద్యోగంలో భాగమే. కూలికి ఆడేవాడనే కారణంచేత పెద్ద పోటీలలో అతనికి ప్రవేశం లేదు. మనసు తీరా గెలవడానికి అతనికి లోకంలో ఒకే ఒక్క మనిషి మిగిలాడు. కళ్యాణదుర్గం క్లబ్బులో మార్కరుగా ఉన్న గంగాధరప్ప. ఒకే దొర దగ్గర, ఒకే కంచె పక్కన, అతనితోపాటే ఆట నేర్చినవాడు, పైగా తోడల్లుడు. సుంకమ్మకు స్వంత అక్క, పెద్దక్క అనే ఆమెకు భర్త.

ఏటేటా ఎండాకాలం ముగిసేముందు ఈ ఇద్దరికీ పోటీ పెట్టి చూడడం సభ్యులకు ఒక వేడుక. ఆరేళ్ళ కిందట అటువంటి పోటీలోనే కట్టకడపటి బంతి దగ్గర తగవు పుట్టింది. సున్నపు గీత మీదే పడిందని ఎర్రిస్వామి, గీత దాటి పడిందని గంగాధరప్ప. ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. క్లబ్బు కార్యదర్శి, వకీలు నాగేశ్వరయ్యగారు, చేతిలోని గ్లాసు కింద పెట్టకుండానే, "మీ ఆడవాళ్ళు కంచె దగ్గరే నిలబడి ఉన్నారు గదయ్యా, వాళ్ళనే అడిగితే పోలా?" అని నవ్వారు. అక్కచెల్లెళ్ళిద్దరూ తలమీదికి కొంగు లాక్కొని అంతమంది పెద్దమనుషుల ముందు నిలబడ్డారు. "దాటింది సామీ" అన్నది పెద్దక్క నేల చూస్తూ. "గీత మీదే పడింది సామీ" అన్నది సుంకమ్మ ఆ నేలనే చూస్తూ. "భేష్! మొగుళ్ళకు తగిన పెళ్ళాలు!" అని పెద్దమనుషులు కడుపు పట్టుకొని నవ్వారు. ఆ నవ్వులు ఆ సాయంకాలంతో ఆగిపోయాయి గాని, "ఇంగ ఆ గడప తొక్కితే ఈ గడప మర్చిపో" అన్న ఎర్రిస్వామి మాట ఆగలేదు. అవతలి ఇంట్లో పెద్దక్కకు పడిన ఆజ్ఞ సహితం అదే అయి ఉంటుంది. ఆ మరుసటి యేడు తండ్రి పోయినప్పుడు ఇద్దరూ చెరొక గోడకు ఆనుకొని, ఎవరి ఏడుపు వారు ఏడ్చి, ఎవరి బస్సు వారు ఎక్కారు.

ఆదివారం నాడు మళ్ళీ ఆ పోటీ. కొత్తగా వచ్చిన కలెక్టరుగారు చూడవస్తున్నారట. శనివారం ఉదయం సుంకమ్మ నెట్టు ఇవతలి భాగం అలకడం ముగించేసరికి, కంచె అవతల ఎవరో దగ్గారు. పెద్దాసుపత్రిలో ఆయాగా పనిచేసే చిన్నక్క; పేరుకే అక్క, చుట్టం కాదు.

"ఏమ్మే సుంకమ్మా, పొద్దున్నే పేడలో దిగినావా?"

"సార్లు కాళ్ళు జారకుండా ఆడుకోవల్ల గదా చిన్నక్కా! ఏం, రాత్రి డ్యూటీనా?"

"అది సరేగానీ, నీకు కళ్యాణదుర్గంలో అక్క ఉండాది గదా, పెద్దక్కని?"

సుంకమ్మ చేయి ఆగింది.

"ఆడోళ్ళ వార్డులో పడుండాది మే. నిన్న మొగుడు బస్సులో పిల్చుకొనొచ్చి చేర్పించినాడు. గర్భసంచి తీసేయల్లంట. తోడుకు ఆడమనిషి లేందే ఆపరేషన్ చెయ్యనంటాండాది డాక్టరమ్మ. 'మాకు ఎవురూ లేరు' అంటాడు వాడు. ఆయమ్మ నోరే తెరవదు. నేను నీళ్ళు తాపిస్తాంటే, 'ఈడికి టెన్నిసు క్లబ్బు ఎంత దూరం?' అని మాత్రం అడిగింది. అప్పుడు తెలిసిపాయ నాకు."

"ఎప్పుడు చేస్తారంట?"

"తోడుంటే ఈపొద్దే. మధ్యాన్నం దాటితే డాక్టరమ్మ బళ్ళారికి పోతాది, మళ్ళా వచ్చే వారమే. రక్తం నిలబడల్యా మే. వారం ఓర్చుకునే మనిషి మాదిరి లేదు."

చిన్నక్క వెళ్ళిన కొంతసేపటికి ఎర్రిస్వామి సున్నం డబ్బాతో వచ్చాడు. ఎడమచేత్తో మోస్తున్నాడు, కుడిభుజం నెలనుంచి పట్టేసి ఉన్నది. రోజూ ఉప్పుమూటతో కాపడం పెట్టేది సుంకమ్మే. ఆమె అక్క సంగతి చెప్పింది. అతడు డబ్బా దించి, మూత తీసి, సున్నాన్ని కట్టెతో కలుపుతూ, "తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"రాత్రే తెలిసింది. మ్యాచ్ అయినాక చెప్దామనుకొంటి. రేపు సాయంత్రం పోదువులే."

"అంతసేపు ఉండేట్లు లేదంట."

"నువ్వు పోతే ఏమైతాదో తెలుసునా? ఇద్దరూ ఏడ్చుకుంటారు, కష్టసుఖాలు చెప్పుకుంటారు, మాటల్లో మాటగా నా భుజం సంగతి బయటికొస్తాది. అది మొగునికి చెప్తాది. వాడు బంతులన్నీ నా తలమీదికి ఎత్తెత్తి కొడతాడు. నాకు చెయ్యి పైకి లేవడంల్యా. కలెక్టరు ముందర నన్ను కుక్కను చేస్తాడు వాడు!"

"అక్క సచ్చేట్లుంటే నీ భుజం గురించి మాట్లాడుకుంటామా అయ్యా?"

"ఆడోళ్ళు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలీదా? అలుకు అలుకు. ఎండెక్కితే పగుల్తాది." అంటూ అతడు గీతలు సూటిగా గీసేందుకు పట్టే దారం తేవడానికి కొట్టుగదికి వెళ్ళిపోయాడు.

సుంకమ్మకు కోపం రాలేదు. కోపం రావడానికి సహితం ఒంట్లో కొంత సత్తువ ఉండాలి. వాన మొహం చాటు చేసి అది రెండవ యేడు. బావిలో నీళ్ళు పాతాళానికి దిగాయి. ఇంటికి రెండు బిందెలు దొరికితే గొప్ప, కోర్టుకు మాత్రం పదీ పదిహేను మోయాలి. బావి దగ్గర ఆడవాళ్ళు దారి ఇస్తారుగాని ఊరికే ఇవ్వరు. "మా బిడ్డలకు గొంతు తడిసేదానికి లేవు. మీ కోర్టుకు పొద్దూ మాపూ తలంట్లా?" అంటారు. ఆ మాట న్యాయమేనని ఆమెకూ తెలుసు, అందుకని తల వంచుకొనే తోడుతుంది. తెల్లచొక్కాలు ఉతికి గంజి పెట్టేది ఆమె. తెగిన నెట్టు ముడులు వేసేది ఆమె. నాగేశ్వరయ్యగారు వచ్చిన అతిథులకెల్లా, "మా ఎర్రిస్వామి కోర్టు చూడండి, అద్దం!" అని చూపిస్తారు. ఆ అద్దంలో తన ముఖం ఎన్నడూ కనబడలేదని ఆమె బాధపడిన రోజులు ఉండేవి, అవీ గడచిపోయాయి. ఇప్పుడు ఆమెను కుంగదీసింది అది కాదు. మొగుని భుజం నొప్పిని నెల రోజులుగా ఇరుగుపొరుగుకు తెలియకుండా, తలుపు గడియ వేసి మరీ కాపడం పెట్టింది. ఎవరినుంచి దాచింది? లోకంలో తన ఒంటినొప్పి చెప్పుకోగల ఒక్క మనిషినుంచి. ఆ మనిషి ఇక్కడికి పిలిస్తే పలికేంత దూరంలో, తోడు లేక పడి ఉండి, క్లబ్బు ఎంత దూరమని మాత్రం అడిగి, ఆపైన నోరు మూసుకున్నది. చెల్లెలు రానక్కరలేదు అన్నట్టు కాదు, ఆమెను రానివ్వరని తెలిసినట్టు.

నెట్టు అవతలి సగం ఇంకా ఎర్రగా, ఎండి, పగుళ్ళతో ఉన్నది. కలిపిన పేడ తొట్టి నిండా ఉన్నది. ఆమె లేచి, కోర్టు కోసం దాచిన బిందెలోని నీళ్ళతో మోచేతులదాకా కడుక్కున్నది. ఆసుపత్రికి నడిచింది.

వార్డులో చివరి మంచం మీద ఉన్న మనిషిని ఆమె వెంటనే గుర్తుపట్టలేదు. మంచంమీది మనిషే ముందు మాట్లాడింది.

"దగ్గరికి రా మే. అబ్బా, పేడ వాసన! నేనే వస్తాన్నట్లుండాది."

"నువ్వూ అలుకుతాండావా అక్కా?"

"మరి మీ బావ అలుకుతాడనుకొంటివా? మీ కోర్టు పెద్దదా, మాదా?"

"అన్నీ ఒకే కొలతంట."

"అయితే ఇద్దరం ఒకే ముండమోపి పని చేస్తాండాం." పెద్దక్క నవ్వబోయి, కడుపు పట్టుకొని ఆగిపోయింది. "మాకు నీళ్ళు దూరం. బిందెలు మోసి మోసి లోపల జారిపోయిందంట. 'ఇంత బరువు ఎందుకు మోసినావమ్మా?' అని డాక్టరమ్మ అడిగింది. ఏం చెప్పల్ల? 'సార్ల ఆటకు' అని చెప్పేదానికి సిగ్గాయ."

సుంకమ్మ మంచం అంచున కూర్చుని అక్క పాదాలు ఒళ్ళోకి తీసుకున్నది. చల్లగా ఉన్నాయి. చిన్నక్క వచ్చి, "తోడు వచ్చిండాదని డాక్టరమ్మకు చెప్పినాను. ఇంగొంచేపట్లో తీసుకపోతారు" అని చెప్పి వెళ్ళింది.

"సుంకీ, ఒకటి అడుగుతా" అన్నది పెద్దక్క పైకప్పు చూస్తూ. "ఆపొద్దు ఆ బంతి యాడ పడింది?"

ఆరేళ్ళలో ఈ ప్రశ్న ఆమెను అడిగినవారు లేరు. ఆనాడు అడిగినవారికి జవాబుతో పని లేదు.

"నాకు తెలీదక్కా. నేను బంతిని చూడలేదు. చానా దినాలకు కనపడితివి గదా, నిన్ను చూస్తాంటి. చిక్కిపోయినావే అనుకొంటాంటి."

పెద్దక్క కళ్ళ కొసలనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "నేనూ చూడలేదే. నువ్వు కట్టుకున్న చీర చూస్తాంటి. నాయన తెచ్చిందేమో అనుకొంటాంటి."

ఇంతలో గుమ్మంలో గంగాధరప్ప కనబడ్డాడు. మరదలిని చూసి ఒక్క క్షణం తటపటాయించి, దగ్గరకు వచ్చి, భార్య మంచంమీదుగా వంగి, గొంతు తగ్గించాడు.

"ఏం సుంకమ్మా, బాగుండావా? మీ ఆయన కుడిచెయ్యి ఎత్తలేకుండాడని మా క్లబ్బులో అనుకొంటాండారు. నిజమేనా?"

సుంకమ్మ అక్క పాదాలను అరచేతులతో రుద్దసాగింది. సరిగ్గా అప్పుడే ఎర్రిస్వామి రొప్పుతూ లోనికి వచ్చాడు. వేళ్ళకు సున్నం అలాగే ఉన్నది.

"ఏమే! సగంలో ఇడిసిపెట్టి వస్తివా? పేడ తొట్లో ఎండిపోతాండాది!"

"ఏందీ, కోర్టు అలకల్యా?" అన్నాడు గంగాధరప్ప ఉలిక్కిపడి. ఆరేళ్ళ తరువాత తోడల్లుడితో అతడు పలికిన మొదటి మాట అది.

"సగమే అయింది. నెట్టు అవతల అంతా అట్లే ఉండాది."

"అట్లయితే బంతి ఒకపక్క లేస్తాది, ఇంగొకపక్క సస్తాది. బంతి యాడికి పోతాదో దేవునిక్కూడా తెలీదు గదప్పా! కలెక్టరు ముందర ఇద్దరి పరువూ పోతాది."

"అదే గదా నేననేది! ఈపొద్దు ఆరకుంటే రేపటికి పనికిరాదు."

రోగి మంచానికి అటొకరు, ఇటొకరు నిలబడి, వారిద్దరూ ఎండ గురించి, గాలి గురించి, తడి ఎంతసేపటికి ఆరుతుందన్న దాన్ని గురించి ఎంతో శ్రద్ధగా మాట్లాడుకున్నారు. మధ్యన పడుకున్న మనిషి మీదుగా ఆ మాటలు ఇటూ అటూ పోయాయి. తలుపు దగ్గర చక్రాలబండి చప్పుడైంది. పెద్దక్క చేయి చాచింది. సుంకమ్మ ఆ చేతిని రెండు చేతులా పట్టుకొని లేచి నిలబడింది.

"పేడ తొట్లో ఉండాది బావా, కలిపే పెట్టినాను" అన్నది ఆమె, ఎవరినీ నొప్పించని నెమ్మదైన గొంతుతో. "నీళ్ళు మాత్రం బావి దగ్గర ఆడోళ్ళను అడిగి తెచ్చుకోవల్ల. మీరిద్దరూ పోయి అలుక్కోండి. మాకు ఈడ పనుండాది."