అరువు రంగు

నేను ఒక ఫౌండేషన్ సీసాను. ముఖానికి పట్టించే ముదురు గోధుమ రంగు నాలో ఉంటుంది. కంపెనీవాళ్లు నా తోబుట్టువులకు వెన్నెల, ముత్యం, గులాబి అని ముద్దు పేర్లు పెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి వాళ్ల కవిత్వం ఎండిపోయింది కాబోలు, మూత మీద ఒక అంకె అతికించి ఊరుకున్నారు. దుకాణంలో వాళ్లు కళ్లకెదురుగా కూర్చుంటే నేను అట్టడుగు అరలో దుమ్ము కొట్టుకుపోయాను. వ్యాపారం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సినిమావాళ్ల చేతిలో పడ్డాక మాత్రం సర్దిచెప్పుకోవడం నా వల్ల కాలేదు.

నన్ను కొన్నది జమీలా. హైదరాబాదులో సినిమాలకు మేకప్ వేస్తుంది. అప్పుడు ఆమె చేస్తున్న సినిమా కథ ఇదీ: బొబ్బిలి నుంచి వచ్చిన ఒక నల్లని అమ్మాయి పెద్ద ఫ్యాషన్ పత్రికలో ఉద్యోగానికి చేరుతుంది. తనలాంటి ముఖాలను ముఖచిత్రంగా వేయించడానికి పోరాడి, చివరికి ఆ పత్రికకే సంపాదకురాలవుతుంది. కథ వినగానే జమీలాకు ఎక్కడలేని సంబరం. "ఇన్నొద్దులకు నీకు పని దొరికింది తీ," అంటూ నా దుమ్ము దులిపి పెట్టెలో సర్దుకుంది.

ఆ పాత్ర కోసం పరీక్షకు వచ్చింది పైడితల్లి. నిజంగానే బొబ్బిలి అమ్మాయి, నాటకాల్లో ఆరితేరిన నటి. ఒక్క సన్నివేశం చేసి చూపించింది. గదిలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. దర్శకుడు రఘునందన్ కళ్లు తుడుచుకున్నాడు. వారం తిరక్కుండానే మళ్లీ కబురొచ్చింది. పైడితల్లి వెలిగిపోతున్న ముఖంతో వచ్చి అద్దం ముందు కూర్చుని, రంగు సరిచూడటానికి చెయ్యి చాచింది. జమీలా నా మూత తీసింది.

"ఆమెకు కాదు జమీలా," అన్నాడు రఘునందన్. "ఆమె చెయ్యి చూసి రంగు కలుపు. ముంబయి నుంచి మన హీరోయిన్ తాన్యా దిగుతోంది. ఆవిడకు అచ్చం ఇదే రంగు రావాలి."

పైడితల్లి చెయ్యి చాచే ఉంచింది. వెనక్కి తీసుకోవడం కూడా మరిచిపోయింది.

"మీకూ మంచి వేషం ఉందమ్మా. పత్రికాఫీసు ఊడ్చే మనిషి. క్లైమాక్సులో మీ కన్నీళ్ల మీదే షాటు," అన్నాడతను ఎంతో దయగా. ఇంటికి వట్టి చేతులతో వెళ్లలేక ఆమె తలూపింది. నా ఒంట్లోని ప్రతి చుక్కా కుతకుతలాడింది. ఈ మనుషులకు నల్లని అమ్మాయి కథ కావాలి, నల్లని అమ్మాయి రంగు కావాలి, ఆఖరికి ఆమె ఏడుపు కూడా కావాలి. ఆమె మాత్రం అక్కర్లేదు!

క్లైమాక్సు రోజు రానే వచ్చింది. నన్ను మెడ దాకా పూసుకున్న తాన్యా వేదికెక్కింది. "నా రంగు చూసి నన్ను పక్కన పెట్టారు!" అని గర్జించింది. దీపాల వేడికి చెమట కారి, మెడ మీద తెల్లటి చార బయటపడింది. కెమెరా పైడితల్లి వైపు తిరిగింది. చీపురు పట్టుకుని నిలబడ్డ పైడితల్లి ఏడవాలి. ఆమె నవ్వింది. ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నవ్వింది.

"కట్! ఏంటది?" అని అరిచాడు రఘునందన్.

"నానేటి సేసేదండి బాబూ, నవ్వాగట్లేదు. నన్ను పక్కనెట్టినారని ఆవిడ సెప్తంది. ఆవిడెప్పుడున్నాది పక్కన? పక్కనున్నది నాను కదా!"

తాన్యా తల దించుకుంది. రఘునందన్ ఒక్క క్షణం తడబడి, "ఆవిణ్ని బయటికి పంపండి. జమీలా, ఆ మెడ సరిచెయ్యి," అన్నాడు.

జమీలా నన్ను బల్ల మీద పెట్టింది. "గిది నాతోని కాదు సార్," అని పైడితల్లి వెంట నడిచి వెళ్లిపోయింది. నాకేమో కాళ్లు లేవు. మూత బిగించుకునే శక్తయినా లేదు. ఇంకెవరిదో చెయ్యి నన్ను వంపి, ఆ తెల్లని చారను కప్పేసింది.

సినిమా ఆడింది. వైవిధ్యానికి పట్టం కట్టిన చిత్రమని పత్రికలు రాశాయి. రోజూ గంటల తరబడి రంగు పూయించుకుంటూ తానెంత నరకం పడిందో తాన్యా టీవీలో చెప్తుంటే, ప్రశ్నలడిగే ఆవిడ ముక్కు చీదుకుంది. ఇప్పుడు నేను ఒక మల్టీప్లెక్సు వరండాలో గాజు పెట్టెలో ఉన్నాను. 'తాన్యాను మార్చేసిన సీసా' అని నా కింద బోర్డు పెట్టారు. పేరు పెట్టడానికి దిక్కులేని నాకు ఇప్పుడు కాపలా మనిషి కూడా ఉన్నాడు.

మొన్న మధ్యాహ్నం పైడితల్లి వచ్చింది, పక్కన జమీలా. ఇద్దరూ ఊరూరా నాటకాలు వేస్తున్నారట. పైడితల్లి గాజు దగ్గరకొచ్చి నన్ను చూస్తూ నిలబడింది. అంతలో కాలేజీ అమ్మాయిల గుంపొకటి నాతో ఫొటో దిగడానికి ఎగబడింది.

"అక్కా, కొంచెం జరగరా? ఫొటోలో మీరు పడుతున్నారు."

జమీలా ఏదో అనబోయింది. పైడితల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగు సర్దుకుని, కెమెరా వైపు తిన్నగా తిరిగింది.

"పడనియ్యండమ్మా," అంది.