కరుణమ్మ పాట, నెహెమ్యా గొంతుక

పోర్ట్ బ్లెయిర్‌కి అవతలి ఒడ్డున, బాంబూఫ్లాట్ తెలుగు చర్చిలో నెహెమ్యా పాట ఎత్తుకుంటేనే ఆదివారం మొదలైనట్టు. ఆయన ఎత్తుకోకపోతే ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. పాటల పుస్తకాలు లేక కాదు. హిందీలో చదువుకున్న పడుచువాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చినంత బాగా చదవటం రాదు. ముప్ఫై ఏళ్లుగా చర్చి చర్చంతా ఆయన నోటివెంటే పాటలు నేర్చుకుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అందుకు కాస్త బిగువు కూడా ఉంది.

అలాంటి మనిషి గొంతుకు ఏదో పట్టుకుంది. పొద్దున లేస్తే బొంగురు, నోరంతా పులుపు. గొంతులో ఉండలాంటిదేదో అడ్డంపడ్డట్టుంటుంది. మింగితే పోదు, ఉమ్మితే రాదు. మాటకోసారి గీరుకోవడమే. భార్య సుందరి మిరియాల కషాయం, అల్లం టీ పోస్తూ వచ్చింది. పోసినకొద్దీ మంట ఎక్కువైంది.

“ఏటండీ అస్తమానూ ఆ గీరుకోడం? డాక్టర్ కాడికి ఎల్దామంటే ఇనరు గదా!”

వినకపోవడానికి కారణం భయం. ఫెర్రీ ఇంజిన్ రూములో తనతో పనిచేసిన గవరయ్యకు కూడా ఇలాగే గొంతు బొంగురుపోయింది. క్యాన్సరన్నారు. ఆరు నెలల్లో పోయాడు.

నిజం చెప్పాలంటే ఆయనకు ప్రాణం మీదికంటే ఒక పాట మీద బెంగ ఎక్కువ. అది ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లమ్మ కరుణమ్మ కొత్త పెళ్లికూతురిగా భీమిలి వైపు నుంచి ఓడెక్కి వస్తూ, భయానికి కట్టుకున్న పాట.

‘నీలి నీటి మీద నావ నీదే తండ్రీ,
నావలోన మేమున్నాము, నీ వాళ్లమే తండ్రీ.’

సంతకం కూడా రాని మనిషి. సాయంత్రం గుమ్మం ముందు పీట వేసుకుని, చేపలు బాగుచేస్తూ పాడేది. చెక్క ఇల్లు, రేకుల మీద వాన, కిరసనాయిలు దీపం, అమ్మ చేతుల నీచు వాసన. నెహెమ్యా ఆమె వీపుకి ఆనుకుని కూర్చుంటే పాట చెవిలోంచి కాక వెన్నులోంచి వచ్చేది. ఆ ఇల్లు లేదు, ఆ గుమ్మం లేదు. అరవై ఏళ్లు దాటినా ఆ వీపు వెచ్చదనం మాత్రం ఆయనకు పోలేదు.

ఏటా కోత పండుగనాడు ఆ పాట ఆయనొక్కడే పాడతాడు. ఎవరికీ నేర్పలేదు. అడిగినవాళ్లకు వచ్చే ఏడు చూద్దాం అనేవాడు. అమ్మ పాట మరి, పంచుకోబుద్ధి కాలేదు. ఇప్పుడు పండుగ ఐదు వారాల్లో పడింది, గొంతేమో లేదు. చివరికి సుందరి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పని చేసి, పోర్ట్ బ్లెయిర్ ఫెర్రీ ఎక్కించింది.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం దించి చూసింది.

“క్యాన్సర్ నహీ హై, అంకుల్. కడుపులో పులుపు గొంతు దాకా తన్నుకొస్తోంది. రాత్రి ఎన్నింటికి తింటారు?”

“పదింటికండీ. తిని తొంగుంటాను.”

ఆఖరి ట్రిప్పు డ్యూటీ చేసిన రోజుల అలవాటది. రిటైరై ఆరేళ్లయినా ఆయన కడుపు ఇంకా డ్యూటీ దిగలేదు.

డాక్టరమ్మ మందులు రాసింది. ఏడులోపు తినాలి, మంచం తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి, కారాలూ టీలూ తగ్గించాలి అంది. గొంతు గీరుకోవడం మానేసి, అలా అనిపించినప్పుడల్లా ఓ గుక్క నీళ్లు మింగమంది.

“ఔర్ గానా బంద్. ఆరు వారాలు. మాటలూ తగ్గించాలి, గుసగుసలు కూడా వద్దు.”

చావు తప్పిందన్న సంతోషం మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు. ఫెర్రీలో రెయిలింగు పట్టుకుని నిలబడి నెహెమ్యా కళ్లు తుడుచుకున్నాడు.

దారి చూపింది మనవరాలు రీనా. పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో ఫోన్ల షాపులో పని ఆ పిల్లకి. కిందటి నెల తాత ఇంట్లో సాధన చేస్తుంటే చాటుగా ఫోన్లో రికార్డు చేసిందట.

“టెన్షన్ మత్ లో, తాతా. అది ఇని మేమంతా నేర్చేసుకుంటాం. నువ్వు చుప్‌చాప్ కూకో.”

ఆయన కూర్చున్నాడు. ఏడింటికి గంజిలాంటి అన్నం తిన్నాడు, ఏటవాలు మంచం మీద జారుతూ పడుకున్నాడు. వాళ్లు ఎలా పాడుతున్నారో వినడానికి మాత్రం వెళ్లలేదు. వెళితే నోరు ఊరుకోదని ఆయనకే తెలుసు.

పండుగనాడు చర్చి ముందువైపంతా గుమ్మడికాయలు, అరటిగెలలు, కొబ్బరికాయలు. రీనా, ఇంకో పదకొండుమంది నిలబడి పాట ఎత్తుకున్నారు. శ్రుతి కుదిరింది. నెహెమ్యా గుండె నిండింది.

‘నావలోన మేమున్నాము...’

అక్కడ పన్నెండుమందీ ఒక్కసారిగా “హుఁ హుఁ” అని గొంతు గీరుకుని, ఒక గుటక మింగి, ‘నీ వాళ్లమే తండ్రీ’ అన్నారు.

సుందరి కొంగు నోట్లో కుక్కుకుంది. నెహెమ్యాకు ఒళ్లు మండింది. పాటలో అదో సంగతనుకుని నేర్చేసుకున్నారు వెధవలు! రెండోసారి అదే చోట మళ్లీ “హుఁ హుఁ”, గుటక. ఆపండని చెయ్యెత్తబోయినవాడల్లా మధ్యలోనే ఆగిపోయాడు.

అమ్మ కూడా అక్కడే ఆగేది. ‘మేమున్నాము’ అని, చేతిలో కత్తి ఆపి, రొమ్ము మీద మణికట్టు అదుముకుని, గుటక వేసి, అప్పుడు అందుకునేది. వీపుకి ఆనుకున్న పిల్లవాడికి ఆ గుటక కూడా వినపడేది. అది పాటలో ఉందనుకున్నాడు. ఇన్నేళ్లూ అక్కడ ఆగే పాడాడు, ఆగని హార్మోనియం వాళ్లను కసిరాడు.

అందరికీ పెట్టి, ఆఖర్న మిగిలింది తిని, గిన్నెలు తోమి, వెంటనే నడుం వాల్చే మనిషి. ఆమె గొంతు దాకా ఏం తన్నుకొచ్చేదో ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు. ఏ డాక్టరూ ఆమె మంచం కింద ఇటుకలు పెట్టమనలేదు. ఆయనకు అమ్మ మీద జాలితో ఏడుపొచ్చింది.

ఆరాధన అయ్యాక రీనా పరుగెత్తుకొచ్చింది. తాత కళ్లు చూసి బెదిరిపోయింది.

“తాతా, గలత్ పాడీసామేటి?”

ఆరు వారాలు ఇంకా నిండలేదు. అయినా నెహెమ్యా మెల్లగా నోరు విప్పాడు.

“ఆ గీరుకోడం నాది, అది తీసీయండమ్మా. ఆగి గుటకెయ్యడం మా అమ్మది. అది ఉంచండి.”