సగంలో ఆగిన మాట

ఆ రోజు ఇంట్లో ఉన్నది పొయ్యి దగ్గర నాయనమ్మ నీలవ్వ, మంచం మీద అక్క మంగ, ఆమె కాళ్ల దగ్గర ఎదురింటి లక్ష్మవ్వ, గడపలో చెప్పులు విడుస్తూ నాన్న భోజన్న. ఇంకా దీప. దీప ఉన్న సంగతి ఎవరికీ చప్పున గుర్తుకు రాదు, అంత మెత్తగా మసలుతుంది.

మంగ పసుపు బస్తాల ట్రాక్టరు మీంచి మార్కెట్ యార్డులోని సిమెంటు నేల మీద పడి కుడి మోచేయి విరగ్గొట్టుకుంది. నిజామాబాద్‌లో ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. కుట్లు విప్పించుకుని ఇప్పుడే తిరిగొచ్చారు. కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం మంగ పొద్దున్నే లేచి పరిగెత్తేది, ఇనుప గుండు విసరడం నేర్చుకునేది. ఆ గుండు విసరాల్సింది ఈ చేత్తోనే.

"డాక్టరు ఏమన్నడు?" అంది లక్ష్మవ్వ.

డాక్టరు మాట విన్నది దీప ఒక్కతే. కుట్లు విప్పుతుంటే మంగ కళ్లు తిరిగి పడుకుంది, భోజన్న మందుల షాపు ముందు నిలబడ్డాడు. చెయ్యి రోజూ ఆడించాలని, అయితే మంగే తనంతట తాను మెల్లగా ఆడించుకోవాలని డాక్టరు చెప్పాడు. ఇంకొకరు పట్టి వంచకూడదు, మాలిష్ అసలే వద్దు.

దీప గొంతు సవరించుకుంది. "చెయ్యి రోజు ఆడియ్యాలంట..."

"అబ్బో! గీ పిల్లకు నోరు గూడ ఉన్నదా నీలవ్వా? నేను ఇన్నొద్దులు మూగదనుకున్న!" అంది లక్ష్మవ్వ.

అందరూ నవ్వారు. చెయ్యి సలుపుతున్నా మంగ కూడా నవ్వింది. దీప మొహం కందిపోయింది. మిగిలిన మాట గొంతులోనే ఉండిపోయింది.

"ఆడియ్యాలెనంటే నేనున్న గదా," అంది నీలవ్వ. "మీ నాయిన కాలు బెణికితే ఎవలు సవరదీసిండ్రు?"

మర్నాటి నుంచి పసుపు కలిపిన వెచ్చటి నువ్వుల నూనె. నీలవ్వ మోచేతిని గట్టిగా రుద్ది, ముంజేతిని పట్టుకుని పైకి వంచేది.

"వద్దే అవ్వా, పానం పోతున్నది!"

"జర ఓర్సుకో బిడ్డా. పోలీసుదానివి అయితవట, గింత నొప్పికే ఏడుస్తవా?"

నూనె గిన్నె పట్టుకున్నది దీప. రోజూ చెబుదామనే అనుకునేది. నిన్ననే ఎందుకు చెప్పలేదని అడుగుతారేమో అని ఆగేది. ఒక రోజు ఆగాక, మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది. డాక్టరు అన్నది అంత గట్టి మాట కాదేమో అని కూడా అనుకుని చూసింది.

చెయ్యి వాచింది, తర్వాత బిగుసుకుంది. భోజన్న, దీప మంగను మళ్లీ చూపించడానికి తీసుకెళ్లినప్పుడు డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టాడు. మోచేయి చుట్టూ తెల్లగా మబ్బులాగా ఉంది.

"మాలిష్ చేసిండ్రా? కండలో ఎముక పెరుగుతున్నది."

"ఆడియ్యమన్నరని మా అమ్మ..." భోజన్న నసిగాడు.

"ఆమెనే ఆడించుకోవాలన్న. ఎవరూ పట్టొద్దన్న. ఈ అమ్మాయికి చెప్పి పంపిన గదా!"

మంగ దీప వైపు తిరిగింది. దీప తల ఎత్తలేదు.

"సెలక్షన్లున్నయి సార్," అంది మంగ.

"ఈసారికి కాదమ్మా. ఆ ఎముక ముదిరినంక ఇంకో ఆపరేషన్ చేసి తీయాలె. గప్పటిదాక ఆగాలె."

వాళ్లు ఇంటికి రాగానే నీలవ్వ సంగతి విని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. "నా చేతులు ఇరగ! నా బిడ్డను నేనే ఆగం జేస్తి!"

"నువ్వెందుకు ఏడుస్తవ్ అవ్వా, నీకేం తెల్సు?" అని మంగ దీప ముందుకు వచ్చి నిలబడింది. "నీకు తెల్సు గదనే?"

దీప తలూపింది.

"నేను ఒర్లుతుంటే గిన్నె పట్టుకోని నిలవడ్డవ్. ఒక్క మాట అననీకి నోరు రాలే?"

"అక్కా, నేను..."

మంగ ఆగింది. నిజంగానే వినడానికి ఆగింది. దీప పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

మంగ అర్రలోకి వెళ్లింది. తలుపు మీది గడియకు కుడి చెయ్యి అందదు, ఎడమ చేత్తో వేయడం అలవాటు లేదు. దీప గడప బయటి నుంచి తలుపు దగ్గరికి లాగబోయి చెయ్యి చాచింది. మంగ ఆ చేతిని చూసి, భుజంతో తలుపు నెట్టి మూసేసింది.