జాన్సన్ గెలిచిన మధ్యాహ్నం

బాక్సింగ్ గురించి నాకు తెలిసింది ఇంతే: ఇద్దరు కొట్టుకుంటారు, ఒకడు పడిపోతాడు, జనం లేచి అరుస్తారు. తొంభై తొమ్మిది ఎండాకాలంలో మాత్రం మా ఆఫీసులో నోరున్న ప్రతివాడూ బాక్సింగ్ పండితుడే. మాదాపూర్‌లో కొత్తగా కట్టిన గుండ్రటి మేడలో మా కంపెనీ ఉండేది. రెండువేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తేదీలను తప్పుగా చదువుతాయని లోకమంతా బెంగపడుతున్న రోజులవి. ఆ బెంగే మాకు అన్నం పెట్టేది.

అసలు గొడవ విశ్వేశ్వరరావు గారికీ మహేశ్‌కీ. రావు గారికి యాభై దగ్గర పడుతున్నాయి. కాకినాడలో గవర్నమెంటు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఆఫీసుకి దగ్గర్లో రాయదుర్గంలో ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లల వయసు వాళ్ళ పక్కన కూర్చుని పని చేస్తున్నారు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నారు. ఒక విదేశీ బీమా కంపెనీ ప్రోగ్రాములు సరిచేసి సోమవారం అప్పగించాలి. అది సవ్యంగా జరిగితే ఆయన ఉద్యోగం ఖాయం. లేకపోతే వెనక్కి వెళ్ళడానికి ఆ కాకినాడ కుర్చీ లేదు.

బాక్సింగ్‌లో ఆయన దేవుడు జాక్ జాన్సన్, 1908లో హెవీవెయిట్ టైటిల్ గెలిచినవాడు. గోపన్‌పల్లి కుర్రాడు మహేశ్ దేవుడు టైసన్. ఈ ఇద్దరూ బరిలో ఎదురుపడాలంటే ఒకడు సమాధిలోంచి లేచి రావాలి. ఆ చిన్న ఇబ్బందిని వీళ్ళెవరూ పట్టించుకోలేదు.

"జర సోంచాయించుండ్రి సార్," అనేవాడు మహేశ్, టీ బండి దగ్గర. "అప్పటోళ్లకు గిప్పటి తిండేది, గిప్పటి ట్రైనింగేది? టైసన్ ముంగట మీ ముసలాయన ఒక్క రౌండ్ గూడ నిలవడడు."

"ఏవయ్యా, వాళ్ళు ఎర్రటి ఎండలో ఇరవయ్యేసి రౌండ్లు కొట్టుకున్నవాళ్ళు. మీ టైసన్‌కి ఆరో రౌండ్లోనే ఆయాసం," అనేవారు రావు గారు.

"ఊకె మాటలెందుకు సార్, కంప్యూటర్‌నే అడుగుదాం," అన్నాడు మహేశ్ చివరికి.

నెల రోజులు లంచ్ టైములో కూర్చుని ప్రోగ్రాం రాశాడు. ఎత్తు, బరువు, చెయ్యి పొడవు, గెలిచిన పోటీలు, అన్నిటికీ మార్కులు. టైటిల్ గెలిచిన సంవత్సరం ఎంత ఈమధ్యదైతే అంత ఎక్కువ మార్కులు, తిండికీ తర్ఫీదుకీ కలిపి. ఇది అన్యాయమని రావు గారు రోజూ మొత్తుకున్నారు. మహేశ్ ఒప్పుకోలేదు. నేను పెరుగన్నం తింటూ ఇద్దర్నీ విన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ప్రోగ్రాం నడిపారు. జాన్సన్ మొదట జో లూయిస్‌ని ఓడించాడు, తర్వాత అలీని. మూడో రౌండ్లో టైసన్‌ని పడగొట్టాడు. మహేశ్ జుట్టు పీక్కున్నాడు. రావు గారి ముఖం మాత్రం చూడాలి, ఆయన అలా నవ్వగా అంతకుముందు నేను చూడలేదు. అందరికీ సమోసాలు తెప్పించారు. మా టీం లీడ్ రేఖ కూడా తన గదిలోంచి వచ్చి ఒకటి తీసుకుని, "కంగ్రాట్స్ రావు గారూ," అంది. ఆఫీసులో ఆయన్ని ఎవరైనా దేనికైనా అభినందించడం అదే మొదలు.

"ఏదీ, మార్కులు విడివిడిగా చూపించవయ్యా, మళ్ళీ ఒకసారి చూసుకుంటాను," అన్నారు రావు గారు. పరీక్ష పాసైనవాళ్ళు అలాగే అడుగుతారు.

మహేశ్ చూపించాడు. సంవత్సరానికి వేసిన మార్కుల్లో జాన్సన్‌దే మొదటి స్థానం. నెల రోజులు ఆయన తిట్టిపోసిన రూలే ఆయన్ని గెలిపించింది. రావు గారు సమోసా కింద పెట్టారు.

"సంవత్సరం ఎలా చదివించావు?"

"మీరు రాసిందే సార్. బీమా వాళ్ల పనిలకెళ్లి తీస్కొని గిండ్ల పెట్టిన."

పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉంటాయి. ఇరవై కన్నా తక్కువ కనిపిస్తే రెండువేల తర్వాతదనీ, తక్కినవన్నీ పందొమ్మిది వందల్లోవనీ చదవమని రావు గారు నాలుగు లైన్లు రాశారు. బీమా కంపెనీ పని అంతటా మేం అవే వాడాం. జాన్సన్ సంవత్సరం సున్నా ఎనిమిది. అంటే కంప్యూటర్ లెక్కలో అతను 2008లో టైటిల్ గెలవబోయే కుర్రాడు.

ఇదంతా రావు గారికి తోచింది, నాకూ తోచింది. మహేశ్ ఇంకా జుట్టు పీక్కుంటున్నాడు. రేఖ చెయ్యి తుడుచుకుంటూ గది వైపు నడుస్తోంది. నోరు మూసుకుంటే జాన్సన్ గెలిచినట్టే, ఉద్యోగం నిలిచినట్టే. ఆ క్షణంలో ఆయన మాట్లాడకూడదనే నేను కోరుకున్నాను.

"రేఖ గారూ, ఒక్క నిమిషం అండి. జాన్సన్ గెలవలేదండి," అన్నారు రావు గారు.

ఆమె నవ్వుతూ వెనక్కి తిరిగింది.

"ఆ బీమా కంపెనీ పింఛన్లు కూడా ఇస్తుంది కదండీ. సున్నా ఎనిమిదిలో పుట్టినవాళ్ళకి ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి. వాళ్ళింకా పుట్టలేదని రాశానండి నేను, వాళ్ళ పింఛను ఆగిపోతుంది. టెస్టింగ్‌కి వాళ్ళు పంపిన రికార్డుల్లో అంత పెద్దవాళ్ళు లేరు. సోమవారం పంపొద్దండి."

రేఖ నవ్వు ఆగిపోయింది. అవతలివాళ్ళకి ఫోన్ చేసి గడువు అడగడానికి లోపలికి వెళ్ళింది. మేము ఆ నాలుగు లైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడం మొదలుపెట్టాం. మిగిలిన సమోసాలు ఎవరూ ముట్టలేదు.

పని సరిచేసి ఆలస్యంగా పంపించాం. రావు గారి ప్రొబేషన్‌ని డిసెంబరు దాకా పొడిగించారు. జనవరి తర్వాత ఈ పనే ఉండదని చప్రాసీతో సహా అందరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను.

ఆ కబురు తెలిసిన రోజు టీ బండి దగ్గర మహేశ్ గ్లాసు తిప్పుతూ అడిగాడు.

"సార్, మీరు జెప్పకపోతే ఎవలికి ఎర్కయితుండె?"

రావు గారు టీ ఊదుకున్నారు.

"జనవరిలో ఆ ముసలాళ్ళకి తెలిసేదయ్యా," అన్నారు.