బావమరిది కొంగలు

తెల్లారగానే సమ్వొల్ చేసే మొదటి పని కుండల పాక తలుపు బార్లా తెరవడం. పచ్చి కూజాల మీద గుంటలుగా చెక్కి తెల్లమట్టి నింపిన కొంగలు అప్పటికే రెక్కలు దులుపుకుంటూ ఉంటాయి. చైనాకి సముద్రం ఇవతల, ఈ కాంగ్జిన్ తీరంలో ఏ కుమ్మరి ఇంట్లోనైనా ఇదే తంతు. పొద్దున బయటికి పోతాయి, పొద్దుగూకేసరికి వచ్చి ఏ గుంటలోది ఆ గుంటలో సర్దుకుంటాయి. ఆకుపచ్చ పూత పడిందంటే మాత్రం ఇక కదలవు.

"మళ్ళీ బురదకాళ్ళతో వచ్చి చచ్చాయి. తుడవలేకపోతున్నా" అని సమ్వొల్ విసుక్కునేది, అంతే.

ఆమె మొగుడు మాక్సాన్ బాధ వేరు. అతని కొంగలు ఎగరవు. ఓడలో వచ్చిన చైనా గిన్నె మీది బొమ్మను ఈక ఈకా చూసి చెక్కినవి అవి. కోళ్ళలా వాకిట్లో నాలుగు గింజలేరుకుని, ఎండ తగలగానే లోపలికొచ్చేసేవి. పక్కింట్లో ఉండే బావమరిది చాదోల్ కొంగలేమో సముద్రం మీదికి వెళ్ళిపోయేవి. వాడికి మట్టి పిసకడం నేర్పింది తనే. అది తలుచుకున్నప్పుడల్లా మాక్సాన్‌కి కడుపు మండిపోయేది.

"ఏం పెట్టి పెంచుతున్నావురా వాటిని?" అని ఓసారి పళ్ళు బయటపెట్టి నవ్వుతూ అడిగాడు.

"నేనేం పెడతాను బావా! పొలంలో వాలిన కొంగల్ని చూస్తూ కూర్చుంటాను, అంతే."

అంతేనట! ఆ పూట మాక్సాన్ బార్లీ అన్నం గిన్నె పక్కకి తోసేశాడు.

ఇంతలో రాజధాని నుంచి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. చైనా చక్రవర్తికి పంపే కానుకల్లోకి ఈ ఊరి నుంచి ఒక కూజా ఎంచుతాడు. అది ఎవరిదైతే బట్టీలన్నిటికీ వాళ్ళే పెద్ద. నెత్తి నెరిసిన తను ఆ కుర్రకుంకకి వంగి దండం పెట్టాలా? మాక్సాన్ ఆ ఊహే భరించలేకపోయాడు.

బట్టీ అంటించడానికి ముందురోజు చాదోల్ కట్టెలకని కొండకి వెళ్ళాడు. కొంగలు సముద్రం మీద ఉన్నాయి. మాక్సాన్ అటూ ఇటూ చూసి, బావమరిది పాక తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టాడు.

సాయంత్రం కొంగలు వచ్చాయి. తలుపు మీద ముక్కులతో కొట్టాయి. పాక చుట్టూ తిరిగి తిరిగి, చీకటి పడుతుంటే వేరే దారిలేక మాక్సాన్ పాకలోకి వచ్చి, అతని కూజా మీద ఖాళీ ఉన్నచోటల్లా ఇరుక్కున్నాయి. మాక్సాన్ పొంగిపోయాడు. ఆలస్యం చెయ్యకుండా కూజాని ఎత్తి పూతలో ముంచేశాడు.

చాదోల్ వచ్చి చూసేసరికి తన కూజా మీద ఉత్త గుంటలు మిగిలాయి.

"గాలికి తలుపు మూసుకుపోయినట్టుంది బావా" అన్నాడు నెమ్మదిగా. "పోన్లే, మీ ఇంట్లోనైనా తలదాచుకున్నాయి."

"అయ్యో, ముందే చెప్పకపోయావా! పూత పూసేశానే!"

సమ్వొల్ మొగుడి వంక చూసింది. గాలి గొళ్ళెం పెడుతుందా అని ఆమె అడగలేదు. మళ్ళీ చెక్కి నింపే వ్యవధి లేక, చాదోల్ ఆ ఖాళీ గుంటల మీదే పూత పూసి బట్టీలో పెట్టాడు.

బట్టీ చల్లారిన రోజు అధికారి, పోల్చి చూడ్డానికి పట్టుగుడ్డలో చుట్టిన చైనా గిన్నెతో వచ్చాడు. మాక్సాన్ కూజా చూసి పగలబడి నవ్వాడు.

"ఏమయ్యా, సంత పెట్టావా దీని మీద? పైగా సగం కొంగలు మెడలు తిప్పి గుమ్మం వైపు చూస్తున్నాయేం?"

తర్వాత చాదోల్ కూజా అందుకున్నాడు. గుంటల్లో పూత నిలిచి చిక్కబడింది. లేత ఆకుపచ్చలో ముదురు ఆకుపచ్చగా, కొంగలు దాటిపోయాక నీళ్ళ మీద ఇంకా వాటి నీడ ఉండిపోయినట్టుంది.

"పక్షులేవీ?"

"వెళ్ళిపోయాయండీ."

అధికారి కూజాని వెలుతురు వైపు తిప్పి చూశాడు. పక్కన పెట్టిన చైనా గిన్నెని మళ్ళీ పట్టుగుడ్డలో చుట్టేసి, "ఇన్నాళ్ళూ వాళ్ళది చూసి మనం చేశాం. ఇది వాళ్ళు చూడాలి" అన్నాడు.

అలా చాదోల్ బట్టీలకి పెద్దయ్యాడు. మాక్సాన్ వంగి దండం పెట్టాడు. ఆ కొంగల కూజాని సమ్వొల్ సోయా ముద్ద దాచుకోవడానికి వంటింట్లో పెట్టుకుంది.

తర్వాతి బట్టీకి ముందురోజు, రాజధాని నుంచి అలాంటి ఖాళీ గుంటల కూజాలే ఇంకా కావాలని వచ్చిన ఆజ్ఞతో చాదోల్ అక్కగారింటికి వచ్చాడు. బావకి రెండు చేతులతో బియ్యపు కల్లు పోసి ఇచ్చాడు.

"ఒక్క సాయం చెయ్యాలి బావా. నా కొంగలు వాకిట్లో దిగితే నా చేత్తో నేను తలుపు వెయ్యలేను. ప్రాణం ఒప్పదు. మీకైతే చెయ్యి తిరిగింది. ఇకమీదట మీరే వేసిపెట్టాలి."

మాక్సాన్ సమ్వొల్ వంక చూశాడు.

"వెళ్ళండి మరి" అంది ఆమె. "పొద్దుగూకుతోంది."